ప్రాథమిక పాఠశాలలో వారం వారం జీవితం–సైన్సు కృత్యాలు: జూన్ నుంచి ఏప్రిల్ దాకా నడిపే పద్ధతి

సైన్సు ఫెయిర్ దగ్గర పడితే బడి అంతా హడావిడి. థర్మాకోల్ షీట్లు, రంగులు, చార్టులు, అగ్నిపర్వతం మోడలు. ఫెయిర్ అయిపోయిన మర్నాడు అవన్నీ స్టోర్ రూమ్‌లో చేరిపోతాయి. ఆ కష్టంలో కొంత తీసి వారానికి ఒక గంటన్నర చొప్పున ఏడాదంతా పరిస్తే పిల్లలకు మిగిలేది చాలా ఎక్కువ. తదేకంగా చూడటం, ముందే ఒక అంచనాకు రావడం, కొలవడం, చూసింది చూసినట్టు రాసుకోవడం ఒక్కరోజులో వచ్చేవి కావు. వారం వారం చేస్తేనే వస్తాయి.

ఒకటి నుంచి ఐదు దాకా తరగతులున్న మన ఊరి ప్రాథమిక పాఠశాలను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ల్యాబ్ ఉండదు, నిధులు అంతంతమాత్రం, ఇద్దరు టీచర్లుంటే గొప్ప. అయినా నడుస్తుంది. ఎందుకంటే ఇందులో కావలసినవి పెసలు, పసుపు, వాన, దోమ, నీడ లాంటివే. పాటించాల్సిన సూత్రాలు రెండే. పిల్లలు చూడకముందు టీచరు సమాధానం చెప్పకూడదు. ఒక వారానికీ మరో వారానికీ మధ్య దారం తెగకూడదు.

మొదటి అడుగు: రోజు ఖాయం చేయండి

"వీలున్నప్పుడు చేద్దాం" అనుకున్నది ఎప్పటికీ జరగదు. టైంటేబుల్‌లోనే రాసి గోడకు అతికించాలి. శనివారం అన్నిటికంటే అనువు. ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 విద్యాసంవత్సరం నుంచి శనివారాన్ని నో బ్యాగ్ డేగా, అంటే పుస్తకాల సంచి లేకుండా బడికి వచ్చే రోజుగా, పాటించాలన్నారు. తెలంగాణలో నెలలో నాలుగో శనివారం నో బ్యాగ్ డే. అంటే ఈ పనికి పైనుంచి అనుమతి ఉన్నట్టే, కొత్తగా ఎవరినీ అడగక్కర్లేదు. మిగతా శనివారాల్లో పరిసరాల విజ్ఞానం పీరియడ్లు రెండు కలిపేసుకోవచ్చు.

ఆ గంటన్నరను మూడు ముక్కలు చేయండి. మొదటి ఇరవై నిమిషాలు పోయిన వారం పెట్టింది ఏమైందో చూడటానికి. తర్వాత యాభై నిమిషాలు కొత్త కృత్యానికి. చివరి ఇరవై నిమిషాలు రాసుకోవడానికి, సర్దుకోవడానికి. మూడిట్లో మొదటిదే ప్రాణం. పోయిన వారం మొలకేసిన గింజ ఈ వారం ఎంత పెరిగిందో చూడాలన్న ఆత్రంతో పిల్లలు వస్తారు. కొందరు శనివారం బడి మానడం తగ్గిస్తారు కూడా.

శనివారం పెట్టిన దానికి ఆదివారం ఒక గండం. తడి దూది ఎండిపోతుంది, గాలికి గ్లాసు పడిపోతుంది. కాబట్టి ఆదివారం చూడకపోయినా చెడిపోనివి పెట్టాలి, లేదంటే బడి పక్కనే ఇల్లున్న పిల్లకు అప్పగించాలి. ఆ బాధ్యత పిల్లలకు చాలా ఇష్టం.

రెండో అడుగు: ఒక పెట్టె సరంజామా

వేసవి సెలవులు ముగిశాక మొదటి రెండు వారాల్లో పిల్లల చేతే తెప్పించండి. ఖాళీ హార్లిక్స్ సీసాలు, కూల్‌డ్రింక్ బాటిళ్లు, కొబ్బరి చిప్పలు, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, రబ్బరు బ్యాండ్లు, దోమతెర ముక్కలు, దూది, దారం, పాత పెళ్లి శుభలేఖలు. శుభలేఖల అట్ట గట్టిగా ఉంటుంది, వెనకవైపు తెల్లగా ఉంటుంది, రికార్డు కార్డులకు అంతకంటే మంచిది దొరకదు. డబ్బు పెట్టి కొనాల్సినవి తక్కువే. భూతద్దాలు నాలుగైదు, కొలత టేపు ఒకటి, మామూలు థర్మామీటరు ఒకటి, మందుల షాపులో దొరికే డ్రాపర్లు, సూది లేని సిరంజిలు.

పెట్టెకు ఇద్దరు పిల్లల్ని బాధ్యులుగా పెట్టండి, నెలకోసారి మార్చండి. ఇచ్చేటప్పుడు లెక్క, తీసుకునేటప్పుడు లెక్క. భూతద్దం పోయిందని మీరు అరవక్కర్లేదు, వాళ్లే వెతికి తెస్తారు.

మూడో అడుగు: పిల్లల పుస్తకం

ప్రతి పిల్లకీ ఒక రూళ్లు లేని నోట్‌బుక్. దానికి ఏ పేరు పెట్టుకున్నా సరే. ప్రతి వారం ఒక పేజీ, పేజీలో మూడు గడులు: "ఏమవుతుందనుకున్నాను", "ఏం చూశాను", "ఇంకా ఏం తెలుసుకోవాలి".

మొదటి గడి కృత్యం మొదలు కాకముందే నిండాలి. దీని దగ్గర మాత్రం పట్టుబట్టండి. అంచనా రాయని పిల్లకు ఫలితం ఒక తమాషాగా మిగిలిపోతుంది. రాసిన పిల్లకు అది తన మాట నిలిచిందో లేదో తేల్చే విషయం అవుతుంది. అంచనా తప్పితే కొట్టివేత గీత గీయనివ్వకండి. చాలామంది రబ్బరుతో చెరిపేసి "నేను ముందే ఇదే అనుకున్నా సార్" అంటారు. పరీక్షల అలవాటు అది. అంచనా తప్పయినందుకు మార్కులు పోవని, చెరిపితేనే బాగోదని ఒకటికి నాలుగుసార్లు చెప్పాలి. మొదటి గడి పెన్నుతో రాయిస్తే ఈ సమస్య సగం తీరుతుంది.

ఒకటి, రెండు తరగతుల వాళ్లు బొమ్మ వేస్తే చాలు. ఐదో తరగతి వాళ్లు అంకెలు తప్పకుండా వేయాలి. "మొక్క పెద్దదైంది" అని రాస్తే ఒప్పుకోవద్దు. "ఎంత?" అని అడగండి.

నాలుగో అడుగు: ఒక కృత్యాన్ని నడిపే తీరు

పసుపు కాగితం కృత్యాన్ని తీసుకుని పూర్తిగా చెప్తాను, మిగతావన్నీ ఇదే పద్ధతి.

ముందురోజు రెండు చెంచాల పసుపును కొద్ది నీళ్లలో చిక్కగా కలిపి, తెల్ల కాగితాలకు పూసి, నీడలో ఆరబెట్టి, రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించి ఉంచుకోండి. శనివారం ఒక్కో గుంపుకు పది ముక్కలు ఇవ్వండి. చిన్న మూతల్లో నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, ఉప్పు నీళ్లు, పంచదార నీళ్లు, సబ్బు నీళ్లు, సర్ఫ్ నీళ్లు, కట్టెల బూడిద కలిపి వడకట్టిన నీళ్లు పెట్టండి. మూతల మీద పేర్లు రాయాలి. రుచి చూడకూడదని ముందే చెప్పాలి.

ఒక్కోదాని గురించి "రంగు మారుతుందా, మారదా?" అని పుస్తకంలో రాయించండి. ఎక్కువమంది నిమ్మరసం దగ్గర "మారుతుంది" అని రాస్తారు, పుల్లగా ఘాటుగా ఉంటుంది కాబట్టి. ఇక చుక్కలు వేయనివ్వండి. నిమ్మరసం వేస్తే ఏమీ కాదు. చింతపండుకూ అంతే. సబ్బు నీళ్ల చుక్క పడగానే పసుపు కాస్తా ఇటుక ఎరుపు. ఆ క్షణంలో గదిలో లేచే కేకను ఆపకండి. "రేయ్ ఎర్రగా అయింది చూడు", "మాది ఇంకా ఎర్రగా ఉంది", "బూడిద నీళ్లక్కూడా అయింది టీచర్!" అంటూ లేచి నిలబడతారు. రెండు నిమిషాలు అలా ఉండనివ్వండి.

ఇప్పుడు టీచరు నోరు మూసుకోవాల్సిన సమయం. "ఇవి క్షారాలు, అవి ఆమ్లాలు" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. చెప్పకండి. బదులుగా, "ఎర్రగా చేసినవన్నీ ఒకవైపు, చేయనివి ఒకవైపు పెట్టండి. ఒకవైపు ఉన్నవాటిలో పోలిక ఏమైనా ఉందా?" అని అడగండి. సబ్బు, సర్ఫ్, బూడిద అన్నీ కడగడానికి, తోమడానికి వాడేవే అని ఎవరో ఒకరు పట్టేస్తారు. మా అమ్మమ్మ బూడిదతోనే గిన్నెలు తోముతుందని ఇంకొకరు చెప్తారు. కూర మరక పడ్డ చొక్కాను సబ్బుతో రుద్దితే మరక ఎర్రగా అవుతుందని, జాడిస్తే మళ్లీ పసుపు రంగు వస్తుందని ఇంకెవరికో గుర్తొస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో ఎరుపు ఎక్కడిదో అడిగి చూడండి. పసుపు, సున్నం కలిపితే వచ్చిన ఎరుపే అది. ఇంట్లో ఎన్నోసార్లు చూసిందే, అయినా అప్పటిదాకా ఎవరూ ఆలోచించి ఉండరు.

తర్వాత ఎర్రబడిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేయమనండి. పసుపు తిరిగి వస్తుంది. ఇది చూశాక పిల్లలు ఆగరు, ఎరుపు, పసుపు, ఎరుపు అంటూ మారుస్తూనే ఉంటారు. ఆడుకోనివ్వండి.

చివర్లో ఒక మెలిక ప్రశ్న వేయండి. "నిమ్మరసానికీ మారలేదు, ఉప్పు నీళ్లకీ మారలేదు. అయితే ఆ రెండూ ఒకటేనా?" కావని పిల్లలకు తెలుసు, కానీ పసుపు కాగితం ఆ తేడా చెప్పలేదు. మూడో గడిలో అదే రాస్తారు. వచ్చే వారం ముద్ద మందార కాకుండా ఎర్ర రేకుల మందార పూలు తెమ్మనండి. రేకుల్ని కాగితం మీద గట్టిగా రుద్ది ఆరబెడితే ఊదా రంగు కాగితం వస్తుంది. దీని మీద నిమ్మరసం గులాబీ రంగు తెస్తుంది, సబ్బు నీళ్లు ఆకుపచ్చగా మారుస్తాయి, ఉప్పు నీళ్లు పెద్దగా మార్చవు. ఇప్పుడు మూడు గుంపులు అయ్యాయి కదా, ఆమ్లం, క్షారం, తటస్థం అన్న మాటలు ఇప్పుడు చెప్పండి. వస్తువు ముందు వచ్చి పేరు తర్వాత వస్తే ఆ పేరు పిల్లలకు మళ్లీ మర్చిపోయేది కాదు. దొడ్లో శంఖుపుష్పం ఉన్నవాళ్లు దాని నీలం నీళ్లతో కూడా చేయవచ్చు.

ఐదో అడుగు: ఏడాదికి కృత్యాల వరస

పాఠం వరసకు కాకుండా రుతువు వరసకు పెట్టుకోండి. బయట వాన పడుతుంటే వాన గురించి, బయట మంచు పడుతుంటే మంచు గురించి. పుస్తకంలో పాఠం ఎప్పుడు వచ్చినా పిల్లల అనుభవం అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

జూన్, జూలై: వాన, విత్తనం. మృగశిర కార్తె జూన్ మొదటి పక్షంలోనే వస్తుంది, బడులు తెరిచేదీ అప్పుడే. ఏరువాక సాగుతున్న రోజుల్లో పిల్లలకు విత్తనం కొత్త కాదు. నాలుగు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో పొడి దూది మీద పెసలు. రెండోదాంట్లో తడి దూది మీద. మూడోదాంట్లో పూర్తిగా నీళ్లలో ముంచి. నాలుగోదాంట్లో తడి దూది మీదే వేసి బీరువాలో చీకట్లో. ఏ గ్లాసుకు ఏ గ్లాసుతో పోలికో చూపించండి: ఒకటికి రెండుకు తేడా నీరు ఒక్కటే, రెండుకు నాలుగుకు తేడా వెలుతురు ఒక్కటే. ఒకసారికి ఒకటే మార్చాలన్న సంగతి ఇక్కడ చేతికి అందుతుంది. చీకట్లోవి మొలవవని దాదాపు తరగతంతా రాస్తుంది. సోమవారం బీరువా తలుపు తీస్తే అవీ మొలిచే ఉంటాయి. తర్వాతి శనివారానికి అవి తెల్లగా, సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి, వెలుతురులోవి పొట్టిగా పచ్చగా ఉంటాయి. మొలవడానికి వెలుతురు అక్కర్లేదు, పెరగడానికి కావాలి అని వాళ్లే తేల్చుకుంటారు. గ్లాసుల మీద మూత బోర్లిస్తే ఆదివారం దూది ఎండదు.

వానను కొలిచే సీసా ఈ నెలల్లోనే పెట్టాలి, తీయడం అక్టోబరు, నవంబరుల్లో. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌ను మెడ కింద, గోడలు నిటారుగా ఉన్న చోట కోయండి. కోసిన పైభాగాన్ని తలకిందులుగా గరాటులా పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి, నిటారు గోడ మొదలయ్యేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత గీయండి. ఆ పైన స్కేలు అతికించండి. చెట్లకూ గోడలకూ దూరంగా, నాలుగు ఇటుకల మధ్య నిలబెట్టండి. రోజూ ఒకే సమయానికి చూసి రాయాలి. వాతావరణ శాఖ వాళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు కొలుస్తారు. మన బడికి తొమ్మిదయినా ఫర్వాలేదు, రోజూ అదే సమయమైతే చాలు. చూశాక నీళ్లను మళ్లీ సున్నా గీత దాకా తేవాలి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే ఒక లీటరు నీళ్లు పడినట్టు. బడి డాబా యాభై చదరపు మీటర్లనుకుంటే, ఇరవై మిల్లీమీటర్ల వానకు వెయ్యి లీటర్లు. ఐదో తరగతి వాళ్ల చేత డాబా టేపుతో కొలిపించి ఈ లెక్క చేయించండి. నీళ్ల ట్యాంకు ఎన్ని రోజులకు సరిపోతుందో కూడా వాళ్లే అడుగుతారు. పేపర్లో మండలం వర్షపాతం వచ్చినప్పుడు మీ సీసా అంకెతో పోల్చండి. రెండూ కలవకపోతే ఇంకా మంచిది. ఊరి ఈ చివర వాన పడి ఆ చివర పడకపోవడం పిల్లలు చూసిందే.

ఆగస్టు: దోమ, నీడ. మొత్తం ఏడాదిలో ఊరికి నేరుగా పనికొచ్చే కృత్యం దోమదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆ పనికి 1902లో నోబెల్ వచ్చింది. ఆ తేదీ చుట్టూ ఉన్న శనివారాలు దీనికి కేటాయించండి. మొదటి వారం పిల్లలకు ఇంటిపని: ఇంట్లో, దొడ్లో నీళ్లు నిలిచిన చోట్లు లెక్కపెట్టి రావాలి. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, వాడని కుడితి తొట్టి. పురుగులు కదులుతున్న నీళ్లు ఎక్కడైనా ఉంటే పెద్దవాళ్ల సాయంతో సగం సీసా తేవాలి.

సీసా మూతికి దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండుతో గట్టిగా బిగించండి. భూతద్దంతో చూస్తే లార్వాలు, అంటే ఆ దోమ పురుగులు, తల కిందికి పెట్టి, తోకవైపు గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి వేలాడుతుంటాయి. ఆ గొట్టంతోనే గాలి పీలుస్తాయి. సీసాను వేలితో మీటితే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కు పోతాయి, కాసేపటికి మళ్లీ పైకి రాక తప్పదు. "ఎందుకొస్తున్నాయి?" ఈ ఒక్క ప్రశ్న మీద పావుగంట గడిచిపోతుంది. నీటి పొరకు సమాంతరంగా పడుకున్న లార్వాలు కనిపిస్తే అవి మలేరియాను మోసే అనాఫిలిస్ రకం. తర్వాతి రోజుల్లో కామా ఆకారంలో ప్యూపాలు (పురుగుకూ దోమకూ మధ్య దశ) కనిపిస్తాయి, ఆ తర్వాత గుడ్డ కింద దోమలు. మన ఎండలకు గుడ్డు నుంచి దోమ దాకా వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ఎందుకు పెట్టారో ఇప్పుడు పిల్లల్నే అడగండి. వారానికోసారి నీళ్లు పారబోస్తే పురుగు దోమ అయ్యేలోపే చచ్చిపోతుంది కదా అని వాళ్లే చెప్తారు. ఇంకో సీసాలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి చూపించండి. చివరికి సీసాలోని దోమల్ని వదలకూడదు, గుడ్డ తీయకుండానే సబ్బు నీళ్లు పోసి, అన్నీ చచ్చాకే పారబోయాలి. మూడో వారం మళ్లీ ఇళ్లల్లో లెక్క. మొదటి లెక్కతో పోల్చి బోర్డు మీద రాయండి. తగ్గి ఉంటే ఆ తగ్గింపు పిల్లలదే.

నీడ కోసం ఒక మీటరు కర్రను ఎండలో నిటారుగా పాతండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూడండి. మధ్యాహ్న భోజనం ముందూ వెనకా పదిహేను నిమిషాలకోసారి నీడ చివర రాయి పెట్టించండి. అన్నిటికంటే పొట్టి నీడ సరిగ్గా పన్నెండుకు రాదని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోతారు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పెట్టింది, అది కాకినాడకు దగ్గర్లోంచి పోతుంది. హైదరాబాద్ దానికి పడమరన ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం ఆలస్యం. హైదరాబాద్‌లో ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం 12.23 గంటలకు నిటారు కర్రకు నీడే ఉండదు. శ్రీకాకుళం వైపు జూలై చివర్లో, విజయవాడలో ఆగస్టు మొదటి వారంలో, తిరుపతి వైపు ఆగస్టు మధ్యలో ఇలా జరుగుతుంది. మబ్బు పడితే నిరాశ పడొద్దు, ముందు రోజు, మర్నాడు చూసినా నీడ వేలెడంత కూడా ఉండదు. అదే కర్రను ప్రతి నెలా ఒకసారి చూసి అందులో అతి పొట్టి నీడను గ్రాఫు గీయిస్తే, డిసెంబరు చివరికి హైదరాబాద్‌లో అది దాదాపు 86 సెంటీమీటర్లకు పెరుగుతుంది. చలికాలం ఎందుకొస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ గ్రాఫులోనే ఉంది.

సెప్టెంబరు, అక్టోబరు: కరివేపాకు చెట్టు మీది పురుగు. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారేది, నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. కొమ్మతో సహా తెచ్చి గుడ్డ కట్టిన పెద్ద సీసాలో పెట్టండి. రోజూ కొత్త ఆకు, రోజూ రెట్టలు తుడవడం. మెల్లగా ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటికి తీస్తుంది, ఘాటు వాసన కొడుతుంది. ఎన్ని ఆకులు తిన్నదో లెక్క పెట్టించండి. గూడు కట్టుకోవడానికి ఒక పుల్ల వాలుగా పెట్టండి. ప్యూపా అయ్యాక వారం, పది రోజుల్లో సీతాకోకచిలుక బయటికొస్తుంది, చలి ఉంటే ఆలస్యం. ఇది రావడం బడి వేళలోనే జరుగుతుందన్న హామీ లేదు. జరిగితే లెక్కల పీరియడ్ అయినా ఆపి అందరికీ చూపించండి. రెక్కలు ఆరగానే చెట్టు దగ్గర వదిలేయాలి.

మట్టి కృత్యం కూడా ఈ నెలల్లోనే. నల్లరేగడి, ఎర్రమట్టి, ఏటి ఇసుక, ఎవరి పొలం నుంచి వాళ్లు గుప్పెడు తెస్తారు. సీసాలో నీళ్లు పోసి గిలకొట్టి వదిలితే ఇసుక నిమిషంలో అడుక్కు చేరుతుంది, బంకమట్టి మర్నాటికీ నీళ్లను మురికిగానే ఉంచుతుంది. వచ్చే శనివారానికి పొరలు తేటగా కనిపిస్తాయి.

నవంబరు నుంచి జనవరి దాకా చల్లని గ్లాసు బయట నీళ్లెలా వచ్చాయన్న ప్రశ్న, పొద్దుటి మంచు, అయస్కాంతంతో ఇసుకలోంచి ఇనుప రజను తీయడం, ఉప్పు నీళ్లలో పచ్చి గుడ్డు తేలడం చేయవచ్చు. కమలాపండు తొక్కతో తేలుతుంది, తొక్క తీస్తే మునుగుతుంది. బరువు తగ్గింది కదా, మరి ఎందుకు మునిగింది? దీనికి పిల్లలు చెప్పే కారణాలు వినడమే ఒక పాఠం.

ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం, 1928లో సి.వి. రామన్ కాంతికి సంబంధించిన రామన్ ఎఫెక్ట్‌ను కనిపెట్టిన రోజు. ఆ వారం చింతచెట్టు కిందికి తీసుకెళ్లండి. ఆకుల సందులు రకరకాల ఆకారాల్లో ఉన్నా నేల మీద పడ్డ వెలుగు మచ్చలు గుండ్రంగా ఉంటాయి. అట్టకు మూడు మూలల చిన్న రంధ్రం చేసి నేలకు ఎత్తుగా పట్టుకున్నా మచ్చ గుండ్రంగానే పడుతుంది. ఆ మచ్చలన్నీ సూర్యుడి బొమ్మలే.

ఆరో అడుగు: జీవితానికి పనికొచ్చే పనులు

నెలలో ఒక వారం పూర్తిగా వీటికి వదిలేయండి. సైన్సు వేరు, బతుకు వేరు అన్నట్టు ఉండకూడదు.

చేతులు కడగడం: ఉడికించిన బంగాళాదుంప ముక్కలు మూడు. ఒకటి ఆడుకొచ్చిన చేత్తో పట్టుకున్నది, ఒకటి ఉత్త నీళ్లతో కడిగిన చేత్తో, ఒకటి సబ్బుతో కడిగిన చేత్తో. మూడు పారదర్శక కవర్లలో వేసి గట్టిగా మూసి వారం ఉంచండి. కవరు ఎప్పుడూ తెరవకూడదు, చూడటం అయ్యాక అలాగే పాతిపెట్టాలి. ఒక్కోసారి మూడింటికీ బూజు వస్తుంది. అప్పుడు "ముక్క కోసిన కత్తి కడిగామా?" అన్న వెతుకులాట మొదలవుతుంది, అది ఇంకా మేలు.

ఓఆర్‌ఎస్: విరేచనాలైనప్పుడు తాగించే నీళ్లివి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు సమంగా కొట్టిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. ఐదో తరగతి పిల్లలు కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదమని, చెంచా పైన గుట్ట లేకుండా కొట్టడం ఎందుకో వివరించండి. ప్యాకెట్ దొరికితే అదే మంచిది, కలిపింది ఒక్కరోజులో వాడేయాలని కూడా చెప్పండి.

మధ్యాహ్న భోజనం మీద కూడా కృత్యం ఉంది. గంజిలో నీళ్లు కలిపిన బీటాడిన్ (గాయాలకు రాసే అయోడిన్ మందు) చుక్క టీచరు వేస్తే నల్లటి నీలం రంగు వస్తుంది. అదే చుక్క పప్పు, దోసకాయ, బంగాళాదుంప, అన్నం మెతుకు మీద వేసి ఎక్కడ పిండిపదార్థం ఉందో చూడవచ్చు. అయోడిన్ వేసిన ముక్కలు తినకుండా అప్పటికప్పుడే పారేయాలి. వంట చేసే అమ్మను ఒకరోజు తరగతికి పిలవండి. ఎంతమందికి ఎన్ని బియ్యం, ఎన్ని నీళ్లు అన్న లెక్క ఆవిడ చెప్తుంటే పిల్లలు శ్రద్ధగా వింటారు, ఆవిడకూ గౌరవం.

బొత్తాం కుట్టడం, కరెంటు బిల్లు చదవడం, మందు సీసా మీద గడువు తేదీ చూడటం, ఇంటికి వచ్చే నీళ్లు ఎక్కడివో కుళాయి నుంచి ట్యాంకు దాకా నడిచి చూడటం లాంటివీ చేయండి. మగపిల్లలు బొత్తాం కుట్టేటప్పుడు నవ్వే వాళ్లుంటే మొదట మీరే కుట్టి చూపించండి.

ఏడో అడుగు: జాగ్రత్తలు

వీటిలో రాజీ లేదు. ఆకులు, పూలు తెమ్మన్నప్పుడు ఏవి తేకూడదో ముందు చెప్పాలి. గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త విషం. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా నోట్లో పెట్టుకోకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వయ్యారిభామకు ఒళ్లు దద్దుర్లు వస్తాయి, దూలగొండి సంగతి తెలిసిందే. చెరువు, బావి దగ్గరకు పిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. వాన కాలంలో చెత్త కుప్పల్లో చేయి పెట్టనివ్వకండి, పాములుంటాయి.

సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, ఎక్స్‌రే ఫిల్మ్ అడ్డం పెట్టుకున్నా సరే. నిప్పు, సున్నం, అయోడిన్, కత్తి టీచరు చేతిలోనే ఉండాలి. కరెంటు ప్లగ్గుతో ఏ కృత్యమూ వద్దు, టార్చి బ్యాటరీ, చిన్న బల్బు చాలు. ప్రతి కృత్యం చివర సబ్బుతో చేతులు, మట్టి పనైనా, పసుపు పనైనా.

ఎనిమిదో అడుగు: ఒక్క టీచరు, ఐదు తరగతులు

ఏకోపాధ్యాయ పాఠశాలకు ఈ పద్ధతి ఇంకా బాగా కుదురుతుంది. తరగతుల వారీగా కూర్చోబెట్టకండి. ప్రతి గుంపులో ఐదో తరగతి పిల్ల ఒకరు, ఒకటో తరగతి వాడు ఒకడు ఉండేలా కలపండి. పెద్దవాళ్లు కొలుస్తారు, రాస్తారు. చిన్నవాళ్లు చుక్కలు వేస్తారు, లెక్కపెడతారు, బొమ్మ గీస్తారు. ఒకటే కట్టుబాటు: చుక్క వేసే పని, గింజ నాటే పని చిన్నవాళ్లదే. లేకపోతే అక్కలు, అన్నలు అంతా తామే చేసి చిన్నవాళ్లను చూస్తూ కూర్చోమంటారు. మాట్లాడని పిల్లలకు "చూసి చెప్పే" పని అప్పగించండి. ఏం కనిపిస్తుందో చెప్పడంలో తప్పు ఉండదు కాబట్టి వాళ్ల నోరు తెరుచుకుంటుంది.

తొమ్మిదో అడుగు: అనుకున్నట్టు జరగనప్పుడు

గింజలు కుళ్లిపోతాయి, గొంగళి చచ్చిపోతుంది, మీకు జవాబు తెలియని ప్రశ్న వస్తుంది. "అవన్నీ ఇప్పుడెందుకు?" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల మూడో గడి రాయడం మానేస్తుంది. బోర్డుకు ఒక మూల "తెలుసుకోవాల్సినవి" అని గడి గీసి ప్రశ్న, అడిగిన పిల్ల పేరు రాయండి. కొన్ని ప్రశ్నలకు ఇంకో కృత్యమే జవాబు. కొన్నిటికి ఊళ్లో జవాబు చెప్పేవాళ్లుంటారు. గింజ ఎందుకు కుళ్లిందో పొలం చేసే తాతకు మనకంటే బాగా తెలుసు, పశువుల డాక్టరు, ఏఎన్ఎం, లైన్‌మన్ పిలిస్తే వస్తారు.

గొంగళి చనిపోతే దాచకండి. ఆకు వాడిపోయిందా, పురుగు మందు కొట్టిన చెట్టు ఆకు తెచ్చామా అని పిల్లలతో కలిసి వెతకండి. మందు కొట్టిన ఆకైతే పిల్లలకు అది పెద్ద పాఠం, ఆ ఆకు మన కూరలోనూ పడుతుంది.

పదో అడుగు: మార్కులు, తల్లిదండ్రులు

ఈ పుస్తకానికి మార్కులు వేయకండి. ఎర్ర ఇంకుతో అక్షర దోషాలు దిద్దకండి. నెలకోసారి ప్రతి పుస్తకంలో ఒక వాక్యం రాయండి, అది కూడా ప్రశ్నగా: "చీకట్లో మొలిచిన వాటిని ఎండలో పెడితే ఏమవుతుంది?" మర్నాడే పెట్టి చూస్తారు.

ఇంగ్లిష్, లెక్కలు వదిలేసి ఈ ఆటలేమిటని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. వాదించక్కర్లేదు. పేరెంట్స్ మీటింగ్ శనివారం పెట్టి, ఆ గంట పిల్లల చేతే వాన లెక్క, దోమల లెక్క చెప్పించండి. డాబా మీద పడిన లీటర్లు గుణించి చెప్పే ఐదో తరగతి పిల్లను చూశాక లెక్కలు పోతున్నాయన్న మాట రాదు.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు శనివారం పెట్టె సర్ది, అయస్కాంతాలూ భూతద్దాలూ లెక్క చూసి తాళం వేయండి. ఐదో తరగతి నుంచి వెళ్లిపోయే వాళ్ల చేత వాన రికార్డు, నీడ గ్రాఫు చార్టు మీద ఎక్కించి గోడకు ఉంచండి. వచ్చే జూన్‌లో కొత్త అంకెలు వేసేవాళ్లకు పోల్చుకోవడానికి అవి కావాలి. పుస్తకాలు ఇంటికి ఇచ్చేయండి. వేసవికి ఒకే పని చెప్పండి: పిట్టలకు చిప్పలో నీళ్లు పెట్టి, ఏ పిట్ట ఏ వేళకు వచ్చిందో రాసుకుని రావాలి. ఆ చిప్పలో నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, దోమల సంగతి వాళ్లకు తెలుసు కదా.